వెనకాల లొడలొడ

పాత కారు వెనక నుంచి చప్పుడు వస్తే ముందు మారేవి షాకప్స్. నిజానికి మారాల్సినవి చాలాసార్లు వాటి పక్కనే ఉండే రబ్బరు బుష్‌లు. సముద్రపు గాలి తగిలే బరంపురంలో ఆ పని ఇంటి ముందే చేసుకోవాలంటే ఏం తెలిసి ఉండాలి?

బరంపురం గేట్ బజార్ మీదుగా కారు తోలేవాళ్లకు రెండో గేరు దాటే యోగం తక్కువ. ముందు ఆటో ఆగుతుంది, పక్క నుంచి స్కూటరు దూరుతుంది, ఎదురుగా ఎవరో సరుకు దించుతుంటారు. ఆ నత్తనడకలోనే పాత కారు తన రోగాలన్నీ బయటపెట్టేస్తుంది. జాతీయ రహదారి ఎక్కి అరవై, డెబ్భైలో పోతున్నప్పుడు గాలిహోరు, ఇంజను మోత కలిసి చిన్న చప్పుళ్లను మింగేస్తాయి. బజారులో అద్దాలు దించుకుని మనిషి నడిచే వేగంతో పోతుండగా వెనక చక్రం గుంతలో దిగితే ఇంకేం దాగదు. 'టక్' మంటుంది. మరో గుంత, మరో 'టక్'. వెనక సీట్లో కూర్చున్న అత్తగారు "అల్లుడుగారూ, డిక్కీలో ఏదో దొర్లుతోంది చూడండి" అంటారు. డిక్కీ ఖాళీగానే ఉంటుంది.

ఆ చప్పుడుకి బరంపురంలోనైనా, ఇటు ఇచ్ఛాపురం, సోంపేటల్లోనైనా తీర్పు ఒక్కటే: షాకప్స్ పోయాయి. రెండు కొత్తవి వేయిస్తారు. వేలల్లో ఖర్చు. కొత్త షాకప్స్ కాస్త గట్టిగా ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు చప్పుడు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత అదే గుంత దగ్గర అదే 'టక్'. ఈసారి తప్పు రోడ్డుదవుతుంది, లేదా షాకప్స్ కంపెనీదవుతుంది. కారు కిందకు వంగి, ఇరుసును బాడీకి కట్టి ఉంచే రాడ్డు చివరల్లో పగిలిన రబ్బరును మాత్రం ఎవరూ చూడరు. కొన్ని వందల రూపాయల వస్తువది. చవక కాబట్టే దాని మీద అనుమానం రాదని నా నమ్మకం.

ఓఆర్ 07 పలకలు

ఒడిశాలో వాహనాల నంబరు పలకల మీద ఓఆర్ అక్షరాలు 2012లో ఓడీగా మారాయి. గంజాం జిల్లా అంకె 07. కాబట్టి బరంపురం వీధుల్లో ఓఆర్ 07 పలకతో తిరిగే కారు ఏదైనా 2012 మార్పుకు ముందుదే. మారుతి 800, జెన్, తొలినాటి ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, ఇండికా. రిటైరైన మాస్టార్ల ఇళ్ల ముందు, పట్టుచీరల వ్యాపారుల గోదాముల పక్కన, మెడికల్ కాలేజీ రోడ్డులో చెట్ల నీడన ఇవింకా కనిపిస్తాయి. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబరు 14న చేతులు మారాయి. ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. తయారీ ఆగినా కార్లు ఆగలేదు.

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి ఏకంగా 5,000కు పెరిగింది. ఇంత కట్టి కారును ఉంచుకునేవాళ్లు ఊరికే ఉంచుకోరు. ఇంజను బాగుంటుంది, లెక్క తెలిసిన పెట్రోలు తాగుతుంది, ఇరుకు సందులో తిరుగుతుంది. కొత్త కారు కొనే డబ్బుతో పిల్ల పెళ్లో, చదువో గట్టెక్కుతుంది. ఇలాంటి యజమానికే 'ఈ పని నేనే చేసుకోలేనా' అన్న ఆలోచన వస్తుంది. చేసుకోవచ్చు. అయితే మొత్తం కాదు, ఎంతవరకో తెలుసుకుని చేసుకోవాలి.

కందెన నుంచి రబ్బరు దాకా

కదిలే రెండు ఇనుప భాగాలు కలిసేచోట రాపిడి తప్పదు. ఎడ్లబండి కాలంలో కాలిన గడ్డి మసి, ఆముదం కలిపి కందెన చేసి ఇరుసుకు పూసేవారు. లారీల్లో కమాన్ పట్టీల చివర ఇత్తడి బుష్, అందులో పిన్ను, పిన్నుకు గ్రీజు నిపుల్ వచ్చాయి. టెల్కో 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి లారీలు తయారుచేసింది, ఆ పొత్తు 1969 వరకు సాగింది. బరంపురంలో టాటా బెంజ్ స్క్వేర్ పేరు వింటే ఆ లారీలే గుర్తొస్తాయి. వాటికి వేళకి గ్రీజు కొట్టాల్సిందే. మరిచిపోతే పిన్ను అరిగి పట్టీ ఒక పక్కకు జరిగేది.

కార్లలో ఆ చాకిరీ తప్పించింది రబ్బరు. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు గట్టిపడి, సాగి మళ్లీ యథాస్థితికి వస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ఆ గుణం మీద ఆధారపడి తర్వాతి శతాబ్దంలో బుష్ తయారైంది. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, రెండింటి మధ్య రబ్బరు. బయటి గొట్టం రాడ్డు కన్నంలో బిగుసుకుని ఉంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు దూరి బాడీ బ్రాకెట్‌కు బిగుసుకుంటుంది. ఇక్కడే చాలామందికి పొరపాటు అవగాహన ఉంది. బోల్టు చుట్టూ గొట్టం తిరుగుతుందనుకుంటారు. అది తిరగదు, తిరగకూడదు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌తో ఒకటైపోతుంది. చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడు మెలి పడేది మధ్యలోని రబ్బరు ఒక్కటే. జారడం లేదు కాబట్టి గ్రీజు అక్కర్లేదు, చప్పుడూ ఉండదు. ఈ ఒక్క సంగతి బుర్రలో ఉంచుకోండి. పని చివరికి వచ్చేసరికి దీంతోనే అవసరం పడుతుంది.

మారుతి 800, ఆల్టో, జెన్ లాంటి చిన్న కార్ల వెనక భాగం చాలా సాదాగా ఉంటుంది. ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి వెనక ఇరుసు వట్టి అడ్డదూలం. దాన్ని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టేవి రెండు ట్రైలింగ్ ఆర్మ్‌లు, చెరో పక్కన ఒకటి. పక్కలకు జరగకుండా పట్టేది ఒక లాటరల్ రాడ్, అడ్డంగా, ఒక కొస బాడీకి, ఇంకో కొస ఇరుసుకు. బరువు మోసేది కాయిల్ స్ప్రింగు. ఊగుడు ఆపేది షాకప్. ఆర్మ్‌ల చివర్లలో, రాడ్డు చివర్లలో బుష్‌లు. వెనక సీటు కింద ఆడే నాటకమంతా ఇంతే. మారుతి 800 తొలి మోడల్లో 1986 దాకా వెనక కమాన్ పట్టీలే ఉండేవి, కాయిల్ స్ప్రింగులు ఆ తర్వాత వచ్చాయి. ఓమ్నీ వ్యానుకు చివరిదాకా పట్టీలే.

అంబాసిడర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పట్టీ చివర షాకిల్, దాంట్లో రబ్బరు బుష్‌లు. చేత్తో లాగి చేత్తో తోసే పని. హిందుస్థాన్ మోటార్స్ 2014లో ఆ కారు తయారీ ఆపేసినా ఆ రబ్బర్లు వేయడం పాత మెకానిక్‌లకు కంఠోపాఠం. ఇండికాలో మాత్రం వెనక రెండు చక్రాలకూ విడివిడిగా సెమీ ట్రైలింగ్ ఆర్మ్‌లు. అక్కడ బుష్ అరిగితే చక్రం కోణమే మారిపోయి టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

పానా పట్టేముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవాలి. స్టెప్నీ బోల్టు వదులైందా? జాకీ తన గూట్లో ఉందా? నంబరు పలక వెనక రివెట్టు ఊడిందా? సైలెన్సర్ పైపును వేలాడదీసే రబ్బరు రింగులు తెగాయా? ఈ రింగులు తెగితే వచ్చే చప్పుడు అచ్చం బుష్ చప్పుడులాగే ఉంటుంది, పైగా అదే చోట వస్తుంది. చేత్తో సైలెన్సర్‌ను ఊపి చూస్తే అరనిమిషంలో తేలిపోతుంది.

తర్వాత షాకప్స్. కారు వెనక మూలను గట్టిగా కిందకు నొక్కి వదిలేయండి. ఒకసారి లేచి నిలబడితే షాకప్ పనిచేస్తున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే, లేదా షాకప్ ఒంటి మీద నూనె చారలు కనిపిస్తే దానికి కాలం తీరినట్టు. షాకప్ చివర్లలో కూడా చిన్న రబ్బరు బుష్‌లుంటాయి, వాటినీ చూడాలి.

ఇక అసలు బుష్‌లు. ఖాళీ చోట కారును కాస్త ముందుకు పోనిచ్చి బ్రేకు, వెనక్కి పోనిచ్చి బ్రేకు. ప్రతిసారీ వెనక నుంచి ఒక్క 'టక్' వస్తే ట్రైలింగ్ ఆర్మ్ మీద అనుమానం. మలుపులో తోక కొంచెం ఆలస్యంగా తిరిగినట్టు, లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు వెనక భాగం ఊగినట్టు అనిపిస్తే లాటరల్ రాడ్. కింద టార్చి వేసి చూస్తే లోపలి గొట్టం బుష్ నడిమధ్యన ఉండాలి. ఒక పక్కకు ఒరిగిపోయినా, రబ్బరు చుట్టూ తెగి పొడి రాలుతున్నా, ఇనుముకు ఇనుము తగిలి మెరుస్తున్నా మార్చాల్సిందే. ఒక్క జాగ్రత్త: ఇనుప కడ్డీ పెట్టి ఎత్తితే మంచి బుష్ కూడా కొంచెం కదులుతుంది, అది రబ్బరు. పైపైన సన్నటి చీలికలు కనబడినంత మాత్రాన బెదిరిపోనక్కర్లేదు. చీలిక లోతు చూడాలి. చాలా గ్యారేజీల్లో ఆ సన్న చీలికనే చూపించి బిల్లు రాసేస్తారు.

గోపాల్‌పూర్ గాలి

హైదరాబాదులోనో వరంగల్‌లోనో ఈ పని పూటలో అయిపోతే, బరంపురంలో రోజంతా పట్టొచ్చు. కారణం రబ్బరు కాదు, బోల్టు. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుని తీరానికి పోవడం, ఇసుక మేట పక్కన కారు ఆపడం ఊరంతటికీ అలవాటు. ఉప్పు తేమ బోల్టుకూ లోపలి గొట్టానికీ మధ్యనున్న వెంట్రుకవాసి సందులోకి దూరితే మళ్లీ బయటికి రాదు. అక్కడే తుప్పు పెరుగుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి బోల్టు, గొట్టం పట్టుకుపోయి ఒకటే ముద్ద అవుతాయి. నట్టు విప్పేస్తారు, బోల్టు మాత్రం రాదు. సుత్తితో కొడితే మర చితికిపోతుంది. పానాతో తిప్పితే బోల్టు తిరిగినట్టే అనిపిస్తుంది. నిజానికి లోపలి గొట్టంతో సహా రబ్బరు మెలి తిరిగి, వదలగానే వెనక్కి వచ్చేస్తుంది.

కాబట్టి ఆదివారం పనికి శుక్రవారం రాత్రే మొదలుపెట్టాలి. వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి తుప్పు వదిలించే స్ప్రే కొట్టాలి. శనివారం పొద్దున, రాత్రి మళ్లీ కొట్టాలి. విప్పేటప్పుడు ఆరు మూలల సాకెట్టే వాడాలి. పన్నెండు మూలలది తలను గుండ్రం చేసేస్తుంది. పొడవు పిడి ఉండాలి. ముందు బిగించే వైపు కొద్దిగా కదిపి, 'కిర్రు' మన్న తర్వాత విప్పే వైపు తిప్పాలి. కిర్రుమనడం శుభసూచన.

గ్యాసు మంటతో కాల్చి విప్పే పద్ధతి లేత్ షాపుల్లో మామూలే. ఇంటి దగ్గర ఆ జోలికి పోవద్దు. ఈ చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందనే, ట్రైలింగ్ ఆర్మ్ ముందు బోల్టుకు చేరువలోనే ఉంటుంది. బ్రేకు ఆయిలు గొట్టాలూ అటే పోతాయి. అసలే రాకపోతే బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య హాక్సా బ్లేడు పెట్టి బోల్టును కోసేయడమే దారి. అందుకే బుష్‌లు కొనేటప్పుడే కొత్త బోల్టులు, నట్లు కూడా కొనాలి. గ్రిల్లు గేటుకు వేసే బోల్టు పనికిరాదు. అదే కొలత, అదే గట్టిదనం, తల మీద అదే గ్రేడు అంకె ఉండాలి. బాడీలోనే వెల్డింగు చేసిన నట్టు తెగిపోతే మాత్రం పని ఆపేయాలి. అక్కడి నుంచి అది వెల్డరు పని.

జాకీని నమ్మొద్దు

ఇంత చదివాక కూడా ఒక్క పేరానే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి. మారుతి 800 లాంటి, ముందు చక్రాలతో నడిచే కారుకు హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను. ఆ వెనక చక్రాలనే గాల్లోకి లేపుతున్నారు. అంటే హ్యాండ్ బ్రేకు ఎంత లాగినా కారు ముందుకు దొర్లకుండా ఆపేది ఏమీ లేదు. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టాలి, గేరు మొదటి దాంట్లో ఉంచాలి.

గేట్ బజార్ చుట్టుపక్కల పాత ఇళ్ల ముందు వీధి సమంగా ఉందేమో కూడా చూసుకోవాలి. కాలువ వైపు వాలుంటే ఆ చోటు ఈ పనికి పనికిరాదు. సిమెంటు చేసిన చదునైన చోటు కావాలి. తారు మీద ఎండపూట జాకీ పాదం దిగబడుతుంది. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే తప్ప కింద దూరడానికి కాదు. జాకీతో లేపి, బాడీ కింద చూపిన చోట్ల రెండు స్టాండ్లు పెట్టి, వాటి మీద బరువు దించాలి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు, బియ్యం బస్తా కింది చెక్కలు స్టాండ్లు కావు. ఇటుక ముందుగా చెప్పి విరగదు. స్టాండ్లు పెట్టాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడాలి. కింద మీరుండగా కదిలేదేదో, మీరు బయట ఉండగానే కదలాలి. తీసిన చక్రాన్ని బాడీ అంచు కింద పడుకోబెట్టడం పాత మెకానిక్‌ల అలవాటు, చాలా మంచి అలవాటు. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఇరుసు కింద రెండో జాకీ ఉండాలి. ట్రైలింగ్ ఆర్మ్ విప్పితే ఇరుసు దాని ఇష్టం వచ్చినట్టు జరుగుతుంది. వేలాడితే బరువంతా బ్రేకు గొట్టం మీద, హ్యాండ్ బ్రేకు వైరు మీద పడుతుంది. అందుకే ఒకసారి ఒక పక్కే విప్పాలి. ఆ పక్క బిగించాకే రెండో పక్క. రెండూ ఒకేసారి విప్పినవాళ్లు కన్నాలు కలపడానికి ఇరుసుతో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

సగం ఇంట్లో, సగం లేత్ షాపులో

ఆర్మ్ బయటికి వచ్చాక అందులోంచి పాత బుష్ తీయడం, కొత్తది ఎక్కించడం. ఇంటర్నెట్ వీడియోల్లో పొడవాటి మరకడ్డీ, వాషర్లు, రెండు సాకెట్లు పెట్టి లాగేస్తారు. చేయొచ్చు. రబ్బరును డ్రిల్లుతో తొలిచి, బయటి గొట్టాన్ని హాక్సాతో నిలువునా కోసి ముడిచి తీసేయొచ్చు కూడా. కోత ఆర్మ్ కన్నంలోకి దిగిందా, ఆ ఆర్మ్ చెడినట్టే. నా మాట ఏమిటంటే ఈ ఒక్క మెట్టు లేత్ షాపుకు వదిలేయండి. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపులో ఈ పనికి నిమిషాలు చాలు. ఆర్మ్‌ను సంచీలో పెట్టుకుని ఆటోలో పోవచ్చు. చేతి పనంతా మీదే, కొట్టుడు మాత్రం వాళ్లది. ఈ రాజీలో చిన్నతనం ఏమీ లేదు.

కొన్ని మోడళ్లకు బుష్‌లు ఎక్కించిన కొత్త ఆర్మ్ మొత్తంగా దొరుకుతుంది. విడిభాగాల దుకాణంలో ముందు అదే అడగండి. లాటరల్ రాడ్ కూడా అంతే. ధర ఎక్కువైనా, ఉప్పుగాలికి పాత ఆర్మ్ పొరలు పొరలుగా లేస్తుంటే అదే లాభం.

ప్రెస్ దగ్గర కూడా పక్కనే నిలబడి మూడు సంగతులు చూడండి. నొక్కేటప్పుడు బలం బయటి గొట్టం అంచు మీద పడాలి. లోపలి గొట్టం మీద పడితే కొత్త రబ్బరు అక్కడే చిరుగుతుంది. రెండోది, కొన్ని బుష్‌లలో రబ్బరుకు ఒక వైపు ఖాళీలు వదిలిపెడతారు. ఆ వైపు మెత్తగా, మిగతా వైపు గట్టిగా ఉండాలని అలా చేస్తారు. పాత బుష్ తీసేముందే అది ఏ దిక్కున ఉందో ఆర్మ్ మీద గీత పెట్టుకోవాలి. మూడోది, సులువుగా దిగుతుందని ఇంజనాయిలు రాయడం. రబ్బరుకు నూనె పడదు, ఉబ్బి మెత్తబడిపోతుంది. కన్నాన్ని ఎమిరీ కాగితంతో తుడిచి సబ్బు నీళ్లు రాస్తే చాలు.

పాలీయురిథేన్ బుష్‌లని రంగురంగులవి వస్తున్నాయి. రేసుల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు సరే. అవి రబ్బరులా మెలి పడవు, జారతాయి, వాటికి ప్రత్యేకమైన గ్రీజు కావాలి, లేకపోతే కీచుమంటాయి. రోడ్డు మీది ప్రతి రాయినీ వెన్నుకు అందిస్తాయి. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆల్టోకు అవి దండగ. అసలు కంపెనీ రబ్బరే వేయండి. వీధి చివర సగం ధరకు దొరికే నకలు బుష్ గోరుతో నొక్కితే కొయ్యలా ఉంటుంది. రెండు వానాకాలాలకే పగులుతుంది. ఒక పక్క మార్చి రెండో పక్క వదిలేయడం కూడా పొదుపు కాదు. రెండూ ఒకే రోడ్డు తిన్నాయి.

తిరిగి బిగించేటప్పుడు బోల్టు నడుముకు పలుచగా గ్రీజు రాస్తే ఉప్పు తేమ అంత తేలిగ్గా చొరబడదు. రబ్బరుకు తగలనివ్వొద్దు. మరో ఐదారేళ్లకు దాన్ని విప్పబోయే మనిషి, అది మీరే కావచ్చు, మిమ్మల్ని తలచుకుంటాడు.

చివరి బిగింపు నేల మీద

ఇప్పుడు మొదట బుర్రలో ఉంచుకోమన్న సంగతి. కారు స్టాండ్ల మీద ఉంది, ఇరుసు కిందకు వేలాడుతోంది. బోల్టులన్నీ దూర్చారు. చేతిలో పానా ఉంది, చెమట పట్టింది, పొద్దు వాలుతోంది. ఇక్కడే కసిగా బిగించేయాలనిపిస్తుంది. చాలామంది మెకానిక్‌లు చేసేది అదే.

అలా బిగిస్తే లోపలి గొట్టం ఆ వేలాడే స్థితిలోనే బ్రాకెట్‌కు అతుక్కుపోతుంది. కారు కిందకు దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు పిండిన తడిబట్టలా మెలి పడిపోతుంది. ఆగి ఉన్నా, నడుస్తున్నా ఆ మెలిక వదలదు. దాని మీద గుంతల మెలికలు అదనం. ఏళ్ల తరబడి ఉండాల్సిన బుష్ నెలల్లో చిరుగుతుంది. అప్పుడు 'ఈ రోజుల్లో సామాన్లు ఏం బాగుంటున్నాయి' అని నిట్టూరుస్తాం. సామాను బాగానే ఉంది. బిగించిన వేళే బాగాలేదు. సుజుకీ సర్వీసు పుస్తకాల్లో వెనక సస్పెన్షన్ బోల్టుల దగ్గర ఈ మాట రాసే ఉంటుంది: వాహనం లిఫ్టు మీద నుంచి దిగి, బరువు ఎక్కించకుండా నేల మీద ఉన్నప్పుడు బిగించాలి అని.

ఇంట్లో అదెలా? బోల్టులు చేత్తో తిరిగేంతవరకే, ఊడిపోకుండా, ఉంచాలి. చక్రాలు పెట్టి, కారును దించి, వెనక భాగాన్ని రెండు మూడు సార్లు ఊపాలి. అప్పుడు ప్రతి బుష్ తన సహజ స్థితికి వస్తుంది. పక్క నుంచి చెయ్యి దూర్చి పానా పెట్టగలిగితే అక్కడే బిగించాలి. దూరకపోతే ఇంకో ఉపాయం. కారు స్టాండ్ల మీదే ఉండగా ఇరుసు కింది జాకీని మెల్లగా ఎత్తాలి. బాడీ స్టాండు మీద నుంచి కాగితం మందం లేవబోతోందనిపించిన చోట ఆపాలి. ఆ వైపు బరువు దాదాపు స్ప్రింగు మీదకు వచ్చినట్టే. అప్పుడు బిగించాలి. ఆ సమయంలో కింద తల పెట్టకూడదు, పక్క నుంచే చెయ్యాలి. బిగింపు ఎంత అన్నది టార్క్ రెంచ్‌తో, ఆ మోడల్ పుస్తకంలో రాసిన అంకెకే. చేతి అంచనా మీద వదిలేయొద్దు. వదులైతే గొట్టం జారి చప్పుడు వస్తుంది, ఎక్కువైతే బోల్టు సాగుతుంది.

మర్నాడు బజారులో ఒక చుట్టు, తప్తపాణి ఘాట్ వైపు వీలైతే ఒక చుట్టు. తిరిగొచ్చాక నట్లన్నీ మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. ఈ కార్ల వెనక ఇరుసుకు సర్దుబాటు మరలేమీ లేకపోయినా, చక్రాల వరస ఒకసారి అలైన్‌మెంట్ యంత్రం మీద చూపిస్తే ఇరుసు వంకరగా కూర్చుందేమో తేలిపోతుంది. గోపాల్‌పూర్ వెళ్లొచ్చిన ప్రతిసారీ కారు కింద మంచినీళ్లు కొట్టే అలవాటు చేసుకుంటే కొత్త బోల్టుకు ఆయుష్షు పెరుగుతుంది.

ఎవరు చేయకూడదు? స్టాండ్లు కొనడం దండగనుకునేవాళ్లు చేయకూడదు. వాలు వీధి తప్ప వేరే చోటు లేనివాళ్లు చేయకూడదు. ఇరుసు బ్రాకెట్లు, బాడీ తుప్పుకు తినేసిన కార్లకు చేయకూడదు. అక్కడ బుష్ మార్చడం చచ్చిన చెట్టుకు నీళ్లు పోయడమే. 2005 స్విఫ్ట్ నుంచి వచ్చిన టోర్షన్ బీమ్ కార్లలోనూ వద్దు. అక్కడ బీమ్ మొత్తం దించి, ప్రత్యేకమైన పుల్లరుతో తీయాలి. ఆ పని గ్యారేజీకి వదిలేయడమే తెలివి.

మీ చేతులతో చేయకపోయినా ఫర్వాలేదు. గ్యారేజీలో మీ కారుకు బుష్‌లు మారుస్తున్న రోజు అక్కడే ఉండండి. పాత బుష్‌లు చేతికి ఇమ్మని అడగండి. చివరి బిగింపు కారు నేల మీద ఉన్నప్పుడే చేయమని చెప్పండి. "అన్నీ ఒకటే సార్" అని నవ్వేస్తే, కారును మరో మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.